మెట్ట మీద సొంత తిండి

గోదావరి జిల్లా అనగానే కాలవ గట్టు, కొబ్బరి తోట, పచ్చటి వరిచేను గుర్తొస్తాయి. ఏలూరులో బస్సెక్కి ఉత్తరంగా కామవరపుకోట దాటండి, ఆ బొమ్మ చెరిగిపోతుంది. ఎర్రనేలలు, తాటితోపులు, జీడిమామిడి, పొగాకు బ్యారన్లు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి... ఇదంతా మెట్ట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పల్లపు ఊళ్ల రాత మారింది. కాలవ నీరు ఎక్కలేని ఈ ఎత్తు నేల మాత్రం వానకే మిగిలిపోయింది. మెట్ట సంబంధం అంటే డెల్టావాళ్లు మొహం చిట్లించేవారు.

ఇప్పుడు ఉద్యోగాలతో విసిగినవాళ్లు కొందరు ఎక్కడైనా నాలుగెకరాలు కొనుక్కుని తమ తిండి తామే పండించుకోవాలని కలలు కంటున్నారు. డెల్టాలో ఎకరం ధర అడిగి బెదిరి, చూపు ఇటు తిప్పుతున్నారు. వేడికీ వడగాలికీ పేరుపడ్డ ఈ నేల ఒక కుటుంబాన్ని సాకగలదా? సాకగలదు, నన్నడిగితే డెల్టా కంటే నయంగానే. అయితే ఇప్పుడు అక్కడ సాగుతున్న వ్యవసాయంతో కాదు.

ముందు వాన సంగతి. ఇక్కడ ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. అనంతపురంలో పడేది ఇందులో సగం కాస్త పైచిలుకు. అప్పటి ఆ అనంతపురం జిల్లాలోనే, చెన్నేకొత్తపల్లి దగ్గర బీడుపడ్డ 32 ఎకరాల్లో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ కొండల్ని మళ్లీ పచ్చబరిచి, చిరుధాన్యాలు పండించి చూపించింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడెందుకు కాదు?

లెక్క వేసుకుందాం. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదిలో 90 వేల లీటర్లు పడతాయి. అయిదో వంతు పోయినా 70 వేలు దక్కుతాయి. నలుగురి తాగుడుకీ వంటకీ రోజుకు 40 లీటర్లు వేసుకుంటే ఏడాదికి 15 వేలు చాలు. ఆ నీళ్లు పట్టేంత తొట్టి కట్టుకోవాలి, అంతే. సముద్రం దగ్గరి డెల్టా ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు వస్తాయి. తాగే నీళ్లు కాలవతో నింపే చెరువులవి. వేసవిలో కాలవ కట్టేస్తారు, పక్కనేమో రొయ్యల చెరువుల మురుగు. నీళ్ల తాళంచెవి ఎవరి చేతిలోనో ఉన్నచోట స్వయంపోషణ అన్న మాటకు అర్థం లేదు.

మెట్టకున్న అసలు ఆస్తి భూమి లోపల ఉంది. రాయలసీమలో ఎక్కువచోట్ల రాతి పగుళ్లలోనే నీరు దొరుకుతుంది. చింతలపూడి ప్రాంతపు ఇసుకరాయి అలా కాదు, ఒళ్లంతా నీరు పట్టి ఉంచుకుంటుంది. ఆ ఆస్తినే మనవాళ్లు ఖర్చు చేసేశారు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక బోర్లు పోటీపడి దిగాయి. ఒకప్పుడు నూతుల్లో కనిపించిన నీళ్లు చాలాచోట్ల వందల అడుగుల కిందికి పోయాయి.

ఆ నీళ్లు తాగే పంటల్లో ముందుండేది ఆయిల్ పామ్. పెదవేగిలో దీనికి జాతీయ పరిశోధన సంస్థే ఉంది. రైతుకు నెలనెలా డబ్బు వస్తుంది, కూలీల గొడవ తక్కువ, కాబట్టి వేసినవాణ్ని తప్పుపట్టలేం. కానీ వేసవిలో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు తక్కువ కాకుండా పెట్టాలి. ఎకరానికి 57 చెట్లు. పైగా గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, ఏ ఫ్యాక్టరీకన్నది 1993 చట్టం కింద ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంటి ముందు నూనె చెట్టు పెట్టుకుని, ఇంట్లోకి నూనె ప్యాకెట్ కొనుక్కోవాలి. పొగాకుదీ అదే వరస. ఆకు కాల్చడానికి కట్టెలు, వేలానికి బోర్డు, తినడానికి కొన్న బియ్యం.

మరి నలుగురి తిండికి ఏం కావాలి? మనిషికి నెలకు పది కిలోల బియ్యం అనుకుంటే ఏడాదికి పది బస్తాల ధాన్యం. అరెకరం తొలకరి వరి చాలు. జొన్నా చోళ్లూ తింటే అదీ అక్కర్లేదు గాని, గోదావరివాడి చేత అన్నం మాన్పించడం నా వల్ల కాదు. అరెకరం నువ్వులు గానుగాడిస్తే ఏడాది నూనె వస్తుంది. గట్ల మీద కంది, తొలకరికి ముందు పచ్చిరొట్టగా జనుము, పిల్లిపెసర, పెరట్లో మునగ, ఒక గేదె, నాలుగు నాటుకోళ్లు. తాటిచెట్లుంటే కొట్టకండి. నీళ్లడగని ఆ చెట్టు ముంజలు, తేగలు, బెల్లం, ఇంటికప్పు అన్నీ ఇస్తుంది. నేల మాత్రం ఇసుకపాలు ఎక్కువ, పెంట తోలకపోతే రెండేళ్లకే చేతులెత్తేస్తుంది.

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహల్లో బౌద్ధ భిక్షువులు రెండువేల ఏళ్ల కిందటే కాపురమున్నారు. వాళ్లు బతికింది భిక్ష మీద కాబట్టి మన వాదనకు సాక్ష్యానికి రారు గాని, ఎండకు రాతిలోపల తలదాచుకోవాలన్న వాళ్ల తెలివి ఇప్పటికీ పనికొస్తుంది. మేలో ఇక్కడ 45 డిగ్రీలు వింత కాదు. 2015 వడగాలులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. పదింటి తర్వాత, నాలుగింటి ముందు పొలంలో ఉండకూడదు. రేకుల షెడ్డు వేసుకుని పల్లె జీవితం అనుకునేవారు మొదటి వేసవికే తిరుగు బస్సెక్కుతారు. మందపాటి మట్టిగోడ, పెంకు లేదా తాటాకు కప్పు, పడమటి పక్క చెట్లు ఉండాలి. ఇక కోతులు, అడవిపందులు. వేరుశనగ వేసి రాత్రి కాపలా లేకుండా పడుకున్నవాడు మెట్టలో ఉండడు.

తాడిపూడి ఎత్తిపోతల పథకం కొన్ని ఊళ్లకు గోదావరి నీళ్లు తెచ్చింది. చింతలపూడి పథకం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. దాన్ని చూపించి ధర పెంచే దళారీని నమ్మకండి. అంతకంటే ముఖ్యం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు షెడ్యూల్డ్ గ్రామాల్లో గిరిజనేతరులు భూమి కొనడం 1/70 చట్టం ప్రకారం చెల్లదు. చౌకగా వస్తోందంటే, బినామీ పేరు మీదైనా సరే, అది ఒక కొండరెడ్డిదో కోయవారిదో అయిన నేల.

కొనదలచుకుంటే సంక్రాంతి సెలవుల్లో వెళ్లకండి, అప్పుడు ఏ నేలైనా అందంగానే ఉంటుంది. మే నెలలో వెళ్లండి. పక్క రైతు బోరు ఎన్ని అడుగులుందో, పదేళ్ల కిందట ఎన్ని అడుగులుండేదో అడగండి. ఆ రెండు అంకెల మధ్య తేడా వంద దాటితే ఇంకో ఊరు చూసుకోండి.