పికప్ లేదంటే ఇంజన్ పోయినట్టేనా?



ఎండలు ముదిరాయంటే చాలు, పాత కార్ల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చిన వాటిలో ఒంగోలు వైపు నుంచి ఒక రిటైర్డు మాస్టారు రాసింది విడిగా తీసి పెట్టుకున్నాను. ఆయనది 1998 నాటి మారుతి 800. శ్రీశైలం ఘాట్‌లో సెకండ్ గేరులో కూడా లాగలేదట. మెకానిక్ చూసి ఇంజన్ బోరింగ్ చేయించాల్సిందే అన్నాడట. చేయించనా, అమ్మేయనా అని అడిగారు. చివర్లో మాత్రం, ‘యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గట్టిగానే అరుస్తోంది’ అని ఒక వాక్యం చేర్చారు. మాస్టారూ, నాకు కావలసింది ఆ వాక్యమే.

ఇంజన్ అరుస్తోందంటే దానికి తిరిగే శక్తి ఉందన్నమాట. ఆ శక్తి చక్రాల దాకా పోవడం లేదు. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఫ్లైవీలు, దాన్ని అంటిపెట్టుకుని క్లచ్ ప్లేటు, ఆ ప్లేటును వెనక నుంచి అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు ఉంటాయి. ప్లేటు మీది లైనింగ్ అరిగినా, దాని మీద ఆయిల్ పడినా పట్టు జారుతుంది. అప్పుడు ఇంజన్ తన మానాన తాను తిరుగుతుంది, కారు మాత్రం కదలనని మొరాయిస్తుంది. చదును రోడ్డు మీద ఈ జారుడు నెలల తరబడి తెలియకపోవచ్చు. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టుకుని ఘాట్ ఎక్కిన రోజున బయటపడుతుంది. 800లో ఇంజన్ వేగం చూపే మీటరు కూడా లేదు కాబట్టి చెవినే నమ్ముకోవాలి.

ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో నలభై వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ శబ్దం ఒక్కసారిగా పైకి లేచి స్పీడోమీటరు ముల్లు మాత్రం బద్ధకంగా కదిలితే క్లచ్ జారుతోంది. శబ్దమూ పెరగక, వేగమూ పెరగక, ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంటే అప్పుడు ఇంజన్ సంగతి చూడాలి. ఇంట్లోనే తేల్చుకోవాలంటే కారు ముందు మనిషి గానీ గోడ గానీ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, ఇంజన్ కొద్దిగా రేజ్ చేస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ టక్కున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు పని అయిపోయినట్టే. ఒక్కసారి చేస్తే చాలు. పదేపదే చేస్తే మిగిలిన లైనింగ్ కూడా కాలిపోతుంది.

అయితే గేర్‌బాక్సు దించడానికి ముందు చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది క్లచ్ కేబుల్. 800లో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. పెడలు తొక్కినప్పుడు మొదట కొంచెం వదులుగా దిగాలి, దాన్నే ‘ప్లే’ అంటారు. ప్లేటు అరిగేకొద్దీ ఆ ప్లే తగ్గిపోయి, క్లచ్ పట్టుకునే చోటు పైకి జరుగుతుంది. ప్లే అసలే లేకపోతే మీరు కాలు తీసినా క్లచ్ కొంచెం తొక్కినట్టే ఉంటుంది, కొత్త ప్లేటు కూడా జారుతుంది. కాబట్టి ముందు కేబుల్ సరిచేయించి, ఆ తర్వాత మళ్లీ పరీక్షించండి. రెండోది వెనక బ్రేకులు. ఏళ్ల తరబడి వాడిన కార్లలో హ్యాండ్‌బ్రేకు కేబుల్ తుప్పు పట్టి వదలదు. ‘పికప్ లేదు’ అన్న కార్లలో కొన్నింటికి ఇంజనూ బాగుంటుంది, క్లచ్చూ బాగుంటుంది, చక్రాలే పట్టేసుకుని ఉంటాయి. కొంత దూరం నడిపి ఆపాక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే దొంగ దొరికినట్టే.

క్లచ్ శబ్దాలు కూడా కబుర్లు చెబుతాయి. పెడలు తొక్కగానే గరగర మొదలైతే రిలీజ్ బేరింగ్. న్యూట్రల్‌లో కాలు తీసి ఉన్నప్పుడు శబ్దం ఉండి, తొక్కగానే పోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్. ఇంజన్ ఆఫ్‌లో గేర్లు హాయిగా పడి, ఆన్‌లో ఉండగా రివర్స్ గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కొంచెం కొత్త తరం కార్లలో కేబుల్ బదులు హైడ్రాలిక్ క్లచ్ ఉంటే, పెడలు మెత్తబడి నేలకు దిగిపోతుంటే ఫ్లూయిడ్ లీకు కోసం వెతకాలి. బండి కదిలేటప్పుడు గడగడ వణికితే మాత్రం వెంటనే క్లచ్ మీద నింద వేయకండి. ఇంజన్ మౌంటింగుల రబ్బరు గట్టిపడి పగిలినా అదే వణుకు వస్తుంది, అది చాలా చవక పని.

గేర్‌బాక్సు దించాల్సి వస్తే క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోకండి. ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా మార్చి, క్రాంక్ షాఫ్టు వెనక ఆయిల్ సీలు తప్పకుండా చూడమనండి. ఆ సీలు కారుతుంటే కొత్త ప్లేటు మీద ఆయిల్ పడి మళ్లీ మొదటికొస్తుంది. విప్పి బిగించే కూలి ఎలాగూ ఒకటే. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, గాట్లు ఉంటే దాన్నీ చూపించాలి. పాత ప్లేటుకే లైనింగ్ కొట్టిస్తామని కొందరంటారు. లారీలకు అది చెల్లుతుందేమో గానీ, చిన్న కారుకు ఆ పొదుపు నాకు నచ్చదు.

ఇక నిజంగా ఇంజనే అయితే? బోరింగ్ అనే మాటకు ఒప్పుకునే ముందు పొగ చూడండి. రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ ఒక్కసారి వచ్చి తగ్గిపోతే, అది ఎక్కువగా వాల్వు సీళ్ల పని. లోడు మీద తొక్కినంతసేపూ నీలిపొగ వస్తూ, ఆయిల్ తగ్గుతూ ఉంటే రింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. నల్లపొగకు భయపడక్కర్లేదు, పెట్రోలు ఎక్కువ పోతోందంతే: ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు, లోపలికి పూర్తిగా వెళ్లని చోక్. చల్లటి ఉదయం కనిపించే తెల్లటి ఆవిరి మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ చూపించండి. ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీ రంగు జిగురు ఉందేమో కూడా చూడండి. రోజూ బజారు దాకా మాత్రమే తిరిగే కారులో, వానాకాలంలో, తేమ వల్ల అలాంటిది కొద్దిగా పట్టడం ఉంది. డిప్‌స్టిక్‌కూ అదే రంగు అంటితే ఇక కారు నడపకండి.

ఒక మంచి పరీక్ష ఉంది, కంప్రెషన్ టెస్టు. 800ది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్. వేడి ఇంజన్‌లో ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ తీగ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి, ఒక్కో కంతకూ గేజి బిగించి సెల్ఫ్ కొడతారు. మూడింటికీ దగ్గర దగ్గర అంకెలు రావాలి. రెండింట్లో 160 వచ్చి ఒకదాంట్లో 100 వస్తే ఆ సిలిండర్‌లోకి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగులు లేదా బోరు అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వుల్లో గానీ గాస్కెట్‌లో గానీ ఉంది, అంటే హెడ్ పనితో సరిపోవచ్చు. ఇంత చిన్న పని చేయకుండా ‘సౌండు వింటేనే తెలిసిపోతుంది సార్’ అని బోరింగ్ చెప్పే మెకానిక్ దగ్గర్నుంచి తాళం చెవులు తిరిగి తీసుకోండి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒక ప్లగ్గు కొట్టకపోయినా కారంతా వణికి, బలం మూడో వంతు పోయినట్టుంటుంది. మిస్సింగ్ ఉంటే ముందు ప్లగ్గులు, వాటి వైర్లు చూడాలి.

మన ఊళ్లలో ఇంకో అలవాటుంది, అది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఇంజన్ వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. రేడియేటర్ మూసుకుపోయినా, ఫ్యాను తిరగకపోయినా మందు అదే. వాల్వు లేని ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. దానికి తోడు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తారు. ప్రకాశం, నల్గొండ వైపు నీళ్లు ఎంత గట్టివో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ సున్నం అంతా రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

మాస్టారూ, మీ 800 పాతదని బెంగ పెట్టుకోవద్దు. 1983 డిసెంబరులో మొదటి కారు బయటికొచ్చి, 2014 జనవరిలో తయారీ ఆగింది. ముప్పై ఏళ్లు అమ్మిన బండి కాబట్టి చిన్న ఊళ్లోనూ దాని పని తెలిసినవాళ్లు దొరుకుతారు. పైన చెప్పిన క్లచ్ పరీక్ష చేశాక నేననుకున్నట్టే తేలితే క్లచ్ సెట్ వేయించండి, బోరింగ్ మాట మరిచిపోండి. పదిహేనేళ్లు దాటిన కారు కదా, అయిదేళ్లకోసారి చేయించాల్సిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ కూడా ఒకసారి చూసుకోండి. ఇకపై పెడలు మీద కాలు ఆనించి నడపొద్దు. ఫ్లైఓవరు ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బండిని క్లచ్ మీద నిలబెట్టొద్దు, హ్యాండ్‌బ్రేకు వేయండి.

మిగతావాళ్లకు ఒక మనవి. ఉత్తరం రాసేటప్పుడు కారు ఏ సంవత్సరానిదో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయండి. లోపం చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాకా? క్లచ్ తొక్కితే శబ్దం మారుతోందా? పొగ ఏ రంగు? మెకానిక్ ఏమన్నాడో చివర్లో రాసినా పర్వాలేదు.