ఇటుకల్లో ఇమిడిన జలాంతర్గామి

బాలలూ! మా ఊరు గరిడేపల్లి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడు పట్నాల నడుమ ఉన్నది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండే వరిపొలాలు మా వైపు ఎటు చూచినా కనిపిస్తాయి. సముద్రం మాత్రం మాకు చాలా దూరం. అలాంటి ఊళ్ళో, మా ఇంటి వసారాలో, పోయిన వేసవి సెలవుల్లో ఒక యుద్ధనౌక తయారయింది. అది ఎలా తయారయిందో, దాన్ని కట్టబోయి నేను ఎక్కడ పొరపడ్డానో చెబుతాను, వినండి.

నేను బడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మా మనవరాలు ఏడో తరగతి చదువుతున్నది. ఆ పిల్లకు మేనమామ ఒక సంచి నిండా బొమ్మ ఇటుకలు పంపాడు. అవి మీరూ చూచే ఉంటారు. పైన బొడిపెలు, అడుగున బోలు, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే అతుక్కుపోతాయి. వీటిని లోకానికి అలవాటు చేసినది డెన్మార్క్ దేశపు లెగో కంపెనీ. 1958లో ఈ అమరికకు పేటెంటు కోరింది. ఆనాటి ఇటుకకు ఈనాటి ఇటుక సరిగ్గా అతుకుతుంది. కొలత అంత ఖచ్చితం అన్నమాట!

ఇరుగుపొరుగు పిల్లలంతా చేరారు. "సారూ, యుద్ధనౌక కడదాం! చుట్టూ ఫిరంగులు పెడదాం!" అన్నారు.

"చూడకుండా కడితే అది మన ఊహ అవుతుంది గాని నమూనా కాదు. చూచి, కొలతలు తెలుసుకొని కడదాం" అన్నాను.

చూడాలంటే ఎక్కడికి పోవాలి? మన దేశపు మొదటి విమాన వాహక నౌక విక్రాంత్ 1961 నుంచి 1997 దాకా సేవ చేసి, కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉండి, చివరకు 2014లో ముక్కలు చేయడానికి పోయింది. ఇప్పుడున్న విక్రాంత్ అదే పేరుతో 2022లో చేరిన కొత్త నౌక. కాని మన తెలుగువారి తీరంలోనే, విశాఖపట్నంలో, ఒక పాత యుద్ధనౌక చెక్కుచెదరకుండా ఉన్నది. దాని పేరు కురుసుర. అది నీళ్ళ మీద తేలుతుంది, నీళ్ళలో మునిగీ పోతుంది. అటువంటి నౌకనే జలాంతర్గామి అంటారు.

నేనూ, మనవరాలూ, మరి ఇద్దరు పిల్లలూ, వాళ్ళ నాన్నలూ బయలుదేరాము. కోదాడలో బస్సెక్కి విజయవాడ, అక్కడ రైలెక్కి విశాఖ చేరాము. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి వంతెన మీద రైలు పోతుంటే పిల్లలు కిటికీ వదలలేదు. తెల్లవారి రామకృష్ణా బీచికి పోయాము. అక్కడ ఇసుక ఒడ్డున, తిమింగలం ఒడ్డుకు వచ్చి పడుకున్నట్టు, కురుసుర కనిపించింది.

ఇది సోవియట్ దేశంలో తయారయింది. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పహరా కాసింది. ఆ యుద్ధంలోనే, డిసెంబరు నెలలో, ఘాజీ అనే పాకిస్తాను జలాంతర్గామి విశాఖకు దగ్గర్లోనే సముద్రంలో మునిగిపోయింది. ఆ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం కూడా ఈ బీచి రోడ్డు మీదనే ఉన్నది. కురుసుర మొత్తం 73,500 నాటికల్ మైళ్ళు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకున్నది. దాన్ని లాక్కొచ్చి ఒడ్డున నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు.

లోపలికి పోయాము. దారి ఎంత ఇరుకంటే, ఎదురుగా ఒకరు వస్తే పక్కకు ఒదగాలి. ఒక గదిలోంచి మరో గదిలోకి పోవాలంటే గుండ్రని కంతలో తల వంచి దూరాలి. ముందు వైపు ఆరు, వెనుక వైపు నాలుగు టార్పెడో గొట్టాలు ఉన్నాయి. ఇందులో 75 మంది మనుషులు ఉండేవారు!

"ఇంత ఇనుము ఎలా తేలుతుంది, ఎలా మునుగుతుంది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. కాలువలో ఖాళీ బిందె బోర్లా పెడితే తేలుతుంది, నీళ్ళు నింపితే మునుగుతుంది కదా! జలాంతర్గామికీ అటువంటి తొట్లు ఉంటాయి. వాటిలోకి సముద్రపు నీటిని వదిలితే మునుగుతుంది. అదిమి ఉంచిన గాలితో ఆ నీటిని బయటికి నెడితే పైకి తేలుతుంది. పైన ఉన్నప్పుడు డీజిలు ఇంజన్లు నడిచి బ్యాటరీలను నింపుతాయి. లోతుకు పోయాక ఆ బ్యాటరీల కరెంటుతో మోటార్లు తిరుగుతాయి.

కొలతలు రాసుకున్నాము. పొడవు 91.3 మీటర్లు. అంటే ఎనిమిది ఆర్టీసీ బస్సులను వరుసగా నిలిపినంత! వెడల్పు 7.5 మీటర్లు. నీటి మీద తేలేటప్పుడు నీటి కింద ఉండే లోతు 6 మీటర్లు.

ఇంటికి వచ్చి లెక్క మొదలు పెట్టాము. నమూనా అంటే అన్ని కొలతలనూ ఒకే పాళ్ళలో తగ్గించాలి. మేము 200వ వంతు తీసుకున్నాము. 91.3 మీటర్లను 200తో భాగిస్తే 456.5 మిల్లీమీటర్లు. ఒక బొడిపెకు, పక్క బొడిపెకు దూరం 8 మిల్లీమీటర్లు. 57 బొడిపెలు పెడితే 456. చూచారా, ఎంత చక్కగా సరిపోయిందో! వెడల్పు 37.5 మిల్లీమీటర్లు రావాలి. నాలుగు బొడిపెలు 32, అయిదు బొడిపెలు 40. అయిదే దగ్గర కనుక అయిదు పెట్టాము. మేస్త్రి గోడ కట్టేటప్పుడు కింది అతుకు మీద పై అతుకు రానివ్వడు. మేమూ అలాగే కట్టాము. రెండు చివరలూ సన్నగా తీర్చాము. ఫిరంగులు పెట్టలేదు. కురుసుర ఆయుధాలు ఆ టార్పెడోలే!

లోతు 30 మిల్లీమీటర్లు. "8తో భాగిస్తే మూడు ముప్పావు. నాలుగు వరసలు వేయండి" అన్నాను. నాలుగు రోజుల్లో నౌక పూర్తయింది. చూచిన వారంతా మెచ్చుకున్నారు.

మర్నాడు మనవరాలు ఊరికే ఆడుకుంటూ అయిదు ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ దొంతిని పడుకోబెట్టి, ఆరు బొడిపెల ఇటుక పక్కన పెట్టింది. రెండూ సమానం!

"తాతా, అయిదు ఎత్తులు ఆరు వెడల్పులకు సమానమైతే, ఎత్తు 8 ఎలా అవుతుంది?" అన్నది.

నా గుండె గుభేలుమన్నది. ఆరు ఎనిమిదులు 48. దాన్ని అయిదుతో భాగిస్తే 9.6. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు! కొలవకుండానే నేను 8 అనుకున్నాను. నాలుగు వరసలు 38.4 అయినాయి. అంటే 8.4 మిల్లీమీటర్లు ఎక్కువ. దాన్ని 200తో గుణిస్తే 1.68 మీటర్లు. మా నౌక నిలువెత్తు మనిషి అంత ఎక్కువ లోతు పెరిగిపోయింది!

"ఎవరికీ తెలియదులెండి సారూ, అలాగే ఉంచుదాం" అన్నాడొక పిల్లవాడు. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. కాని తప్పు లెక్కకు ఇన్నేళ్ళు పిల్లల మార్కులు కోసినవాణ్ణి, నా తప్పును నేనెలా దాచుకోను? "పొరపాటు నాదే. విప్పుదాం" అన్నాను. మళ్ళీ మూడు రోజులు పట్టింది. మూడు వరసలతో 28.8 వచ్చింది. కావలసిన దానికి 1.2 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ.

చివరగా మనిషి ఎంత ఉంటాడో లెక్క వేశాము. 1.7 మీటర్ల మనిషి ఈ కొలతలో 8.5 మిల్లీమీటర్లు. అంటే ఇంచుమించు ఒక వడ్లగింజ పొడవు! పిల్లలు గాదె నుంచి 75 వడ్లగింజలు ఏరి తెచ్చి నౌక పక్కన వరుసగా పేర్చారు. మనవరాలు వాటిని చాలాసేపు చూచింది.

"ఇంజన్లు, బ్యాటరీలు, టార్పెడోలు పోగా వీళ్ళంతా ఎక్కడ పడుకునేవాళ్ళు తాతా?" అన్నది.

కొలత తప్పి ఉంటే ఆ ప్రశ్న అంత బాగా తట్టేది కాదు. మా నౌకలో లేని చోటు ఉన్నట్టు కనిపించేది.

బాలలూ! మీ దగ్గర ఇటుకలు లేకపోయినా ఫరవాలేదు. అట్ట ముక్కలు చాలు. ఆరు మీటర్ల మీ తరగతి గది 200వ వంతులో మూడు సెంటీమీటర్లు అవుతుంది. మీ బడిని కట్టి చూడండి. మీరెంత మంది ఉన్నారో అన్ని వడ్లగింజలు అందులో పెట్టండి. ఒక్క మాట మాత్రం మరువకండి: కట్టే ముందు మీ స్కేలుతో మీరే కొలవండి. పెద్దలు చెప్పినా సరే, తాతలు చెప్పినా సరే!