కానుక అక్కడే వదిలిపెట్టి

కొండమీది ప్రసంగంలో యేసు చెప్పిన ఒక మాటను మనం చాలా తేలిగ్గా చదివేస్తాం. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చాక, నీ సహోదరుడికి నీమీద ఏదో బాధ ఉందని గుర్తొస్తే, ఆ కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. ఆ మాట విన్నవాళ్లలో గలిలయ పల్లెలవాళ్లు చాలామంది. బలిపీఠమేమో యెరూషలేములో ఉంది. కాలినడకన మూడు నాలుగు రోజుల దారి. పండగకని ఇల్లూ పొలమూ వదిలి, పిల్లల్ని ఎండలో నడిపించుకుంటూ దేవాలయం దాకా వచ్చినవాణ్ణి వెనక్కి తిరిగి ఊరెళ్లమంటే ఎంత పని! అయినా ఆ మాటే అన్నాడు. కానుక ఆగినా ఫరవాలేదు, మనిషి దగ్గరికి వెళ్లడం ఆగకూడదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. నీకు అతనిమీద కోపముంటే అనలేదు, అతనికి నీమీద ఉంటే అన్నాడు. తగువొచ్చిన ప్రతి ఇంట్లోనూ మొదట వినిపించేది 'నేనెందుకు వెళ్లాలి, వాడే రావాలి' అన్న మాట. ఎదుటివాడు నొచ్చుకున్నాడని తెలిసినవాడే ముందు గడప దాటాలంటుంది సువార్త. క్రైస్తవ బోధలో నాకు అన్నిటికంటే కష్టంగా, అన్నిటికంటే నిజంగా తోచే మాట ఇది.

ఆ మాటను చేతల్లో పెట్టే ఆచారం ఒకటి మన ఆరాధనలోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒకటై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. సీఎస్ఐ అంటే మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఆ సంఘం ఆరాధన క్రమంలో సంస్కార భోజనానికి ముందు సమాధానం ఇచ్చుకోవడం ఉంటుంది. ఇచ్చేవారి కుడి అరచెయ్యి పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనుతుంది. ఇద్దరూ ఎడమచేత్తో ఎదుటివారి కుడిచేతిని మూస్తారు. బల్ల దగ్గర మొదలై అది వరస వెంట ఒకరినుంచి ఒకరికి వస్తుంది. ఎవరి చేతినుంచి అందుకోవాలో మన ఇష్టంలో ఉండదు, కూర్చున్న చోటును బట్టి ఉంటుంది. అందుకే మాటల్లేనివాళ్లు గుడిలోకి రాగానే ఎవరెక్కడ కూర్చున్నారో ముందే చూసుకుంటారు.

ఒక పల్లె గుడిలో చూశాను. గట్టు తగాదాతో ఏళ్లుగా మొహాలు చూసుకోని అన్నదమ్ములు. తమ్ముడు ఆలస్యంగా వచ్చాడు, చాపమీద అన్న పక్కన తప్ప ఖాళీ లేదు. సమాధానం వరస వెంట వచ్చింది. పుచ్చుకున్న అన్న కాసేపు అలాగే ఉండిపోయి, పక్కకి తిరిగి చెయ్యి చాపాడు. తమ్ముడు తలెత్తకుండానే పట్టుకున్నాడు. ఆరాధన అయ్యాక కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు, ఎవరి దారిన వాళ్లు పోయారు. కానీ ఆ వారంలోనే సర్వేయరును పిలిపించి గట్టు కొలిపించారు, ఖర్చు చెరిసగం పెట్టుకున్నారు. కౌగిలింతలూ కన్నీళ్లూ లేకపోయినా నాకది సువార్తలాగే కనిపించింది.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ఇద్దరు ఆడవాళ్ల పేర్లున్నాయి, యువొదియ, సుంటుకే. ఇద్దరూ ఆయనతో కలిసి సువార్త పనిలో పాటుపడినవాళ్లే. ఎందుకో పడలేదు. పౌలు చెరలో ఉండి రాస్తున్నాడు. సంఘమంతటికీ రాసిన ఉత్తరం కాబట్టి అందరి ముందూ చదివే ఉంటారు. ఆ ఇద్దరూ అక్కడ కూర్చుని తమ పేర్లు విన్నారనుకుంటే నాకు గుండె ఝల్లుమంటుంది. తప్పెవరిదో ఆయన తేల్చలేదు. బతిమాలుకుంటున్నానని ఇద్దరితోనూ విడివిడిగా చెప్పాడు, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ కాకుండా. ఆపైన మూడో మనిషి ఒకరితో, వాళ్లకు సాయపడమన్నాడు. ఇద్దరు దూరమైనప్పుడు అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసి ఆజ్యం పోసే మూడో మనిషి ప్రతి సంఘంలోనూ దొరుకుతాడు. పౌలు కోరింది ఆ పని మానేసి దగ్గర చేర్చే మనిషిని.

అలా దగ్గర చేర్చే పనికి పూనుకున్నవారిలో వి. ఎస్. అజరయ్య ఒకరు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, అప్పటికి ముప్పై అయిదేళ్లవాడు. మిషనరీలు చేసిన త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే, తమకు కావలసింది స్నేహితులని ఆ సభ ముఖాన చెప్పారు. మిషనరీలు బడులు కట్టారు, ఆస్పత్రులు కట్టారు, తోటి భారతీయ సేవకుణ్ణి సాటివాడిగా ఇంట్లో కూర్చోబెట్టడం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి పోయింది. దొరలు నిండిన సభలో ఆ మాట అనడానికి ఎంత ప్రేమ ఉండాలి! కోపం ఒక్కటే అయితే ఇంటికొచ్చి గొణుక్కునేవారు.

రెండేళ్లకు ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తెలుగు పల్లెల్లో ఆయనకు అదే దూరం వేరే రూపంలో ఎదురైంది. విశ్వాసుల్లో మాల, మాదిగ కుటుంబాలవాళ్లే ఎక్కువ. ఒకరింట ఒకరు తినేవారు కాదు. బాప్తిస్మం ఒకటే అయినా భోజనం వేరు. అలాంటివాళ్లను ఒకే పాత్ర దగ్గరికి, ఒకే బల్ల దగ్గరికి తీసుకురావడానికి ఆయన ఏళ్ల తరబడి పాటుపడ్డారు. సంఘాల ఐక్యత కోసమూ అంతే శ్రమించి, అది కళ్లారా చూడకుండానే 1945 జనవరి 1న కన్నుమూశారు. ఈనాటికీ పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడిగే విశ్వాసుల ఇళ్లు ఎన్ని లేవు? ఆయన మొదలుపెట్టిన పని మిగిలే ఉంది.

ఒక్క విషయం నిక్కచ్చిగా చెప్పాలి. ప్రేమ, సమాధానం అన్న మాటల్ని దెబ్బలు తిన్నవాళ్ల నోరు మూయించడానికి వాడుతుంటారు. తాగొచ్చి కొట్టే మొగుడితో సర్దుకుపొమ్మనీ, వాటా ఎగ్గొట్టిన అన్నను క్షమించేయమనీ చెప్పే పెద్దమనుషులు, కొట్టినవాడి ఇంటికి మాత్రం వెళ్లరు. కానుక వదిలి వెళ్లమని యేసు చెప్పింది ఎదుటివాణ్ణి నొప్పించినవాడికి. పౌలు కూడా అందరితో సమాధానంగా ఉండమన్నప్పుడు, సాధ్యమైతే, నీ చేతిలో ఉన్నంతవరకు అన్న షరతులు పెట్టాడు. అవతలివాడు చెయ్యి చాపకపోతే ఆ భారం నీది కాదు.

నొప్పించినవాడు ఏం చెయ్యాలో తెలియాలంటే జక్కయ్య కథ చూడండి. యెరికోలో సుంకపు గుత్తదారుల పెద్ద, బాగా డబ్బున్నవాడు. యేసును చూడాలని చెట్టెక్కాడు. ఆయన తన ఇంటికి వస్తానన్నందుకు ఉప్పొంగిపోయి గబగబా దిగొచ్చాడు. జనం సణిగారు, ఇలాంటివాడి ఇంట్లో బసేమిటని. జక్కయ్య లేచి నిలబడి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకుంటే నాలుగింతలు వాళ్లకు. ఈ ఇంటికి ఈ రోజు రక్షణ వచ్చిందని యేసు అన్నది ఆ లెక్క విన్న తర్వాతే.