కంటి వెనకపొరలో మూలకణాల వేట

షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి, కేబీఆర్ పార్కు పక్కగా బంజారాహిల్స్ రెండో నంబరు రోడ్డులోకి వస్తే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. ‘మనదేశం’, ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ తీసిన ఎల్వీ ప్రసాద్ గారు స్థలమూ విరాళమూ ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన సంస్థ ఇది. తెలుగు సినిమా సంపాదన ఇలా చూపు కోసం ఖర్చయిందని తలుచుకుంటే నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

ఈసారి నేను వెళ్లింది ఓపీకి కాదు, పరిశోధన విభాగానికి. మా పిన్ని కొడుక్కి రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి వెనకపొర అయిన రెటీనా క్రమంగా పాడయ్యే వంశపారంపర్య జబ్బు. చిన్నప్పుడు రేచీకటి అని ఊరుకున్నారు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, పక్కచూపు పోయి ఎదురుగా కాస్త మిగిలింది. పిన్నీ బాబాయిలది మేనరికం. మేనరికాల్లో ఇలాంటి జబ్బులు బయటపడే అవకాశం ఎక్కువ. ఆ మధ్య ఎవరో ‘స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ చేయిస్తే చూపు వస్తుందట’ అని పిన్నికి చెప్పారు. అసలు రెటీనాలో మూలకణాలు (స్టెమ్‌సెల్స్) ఉన్నాయా? ఉంటే వాటిని ఎలా గుర్తుపడతారు? ఆ సంగతి తెలిసినవాళ్ల నోట వినాలనే వెళ్లాను.

కంటి ముందుభాగం సంగతి ఇక్కడివాళ్లకు బాగా తెలుసు. నల్లగుడ్డు చుట్టూ ఉండే లింబస్ అనే అంచులో మూలకణాలు ఉంటాయి. సున్నం పడో, యాసిడ్ పడో ఆ అంచు కాలిపోయినవాళ్లకు, బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించే చికిత్స ఈ సంస్థలో 2001లోనే మొదలైంది. ల్యాబ్ అవసరం కూడా లేకుండా, ఆ ముక్కను చిన్నచిన్న తునకలు చేసి నేరుగా కంటిమీదే పరిచే ‘స్లెట్’ పద్ధతిని వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు తదితరులు 2012లో ప్రచురించారు. సున్నం డబ్బీతో ఆడుకుంటూ కళ్లు పోగొట్టుకున్న పిల్లలకు ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు. రెటీనా అంత సులువుగా లొంగలేదు.

నాకు ల్యాబ్ చూపించిన పరిశోధకురాలు చేతులకు గ్లవ్స్ వేసుకుని, బెంచీని ఒకసారి తుడిచాకే మాట మొదలుపెట్టారు. ‘‘మన వేళ్లమీద ఉండే ఎంజైములే ఆర్‌ఎన్‌ఏని తినేస్తాయండీ. అందుకే ఇంత చాదస్తం’’ అన్నారు. ట్యూబులన్నీ ఐసులో ఉన్నాయి.

మూలకణాలను గుర్తుపట్టడానికి వీళ్లు చూసేది జీన్ ఎక్స్‌ప్రెషన్. అదేమిటో ఫిల్మ్‌నగర్ భాషలో చెప్పుకుంటే నాకు తేలిగ్గా ఎక్కింది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులు ఉంటాయి. ప్రోటీన్లు చేయించేవి సుమారు 20,000. యూనియన్‌లో కార్డు అందరికీ ఉంటుంది గానీ, ఈరోజు కాల్‌షీట్ ఎవరికుందో వాళ్లే సెట్‌కి వస్తారు. కాలేయ కణం కాల్‌షీట్ వేరు, రెటీనా కణం కాల్‌షీట్ వేరు. పనిలోకి దిగిన జన్యువు ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీయిస్తుంది. వాటిని లెక్కపెడితే కణం ఇప్పుడు ఏం చేస్తోందో తెలుస్తుంది.

లెక్కపెట్టే పద్ధతి నేను అనుకున్నదానికంటే సూటిగా ఉంది. ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా తిరగరాసి, పీసీఆర్ మెషీన్లో పెడతారు. ప్రతి సైకిల్‌కీ అది రెట్టింపవుతుంది. నకళ్లతోపాటు పెరిగే వెలుగు ఎన్నో సైకిల్‌లో నిర్ణీత గీత దాటిందో, అదే సీటీ విలువ. తక్కువ సైకిళ్లలో దాటితే సరుకు ఎక్కువున్నట్టు. ఒక్క సైకిల్ తేడా అంటే రెండు రెట్లు, పది సైకిళ్లయితే సుమారు వెయ్యి రెట్లు. కొలత న్యాయంగా ఉండాలని, జీఏపీడీహెచ్ లాంటి అన్ని కణాల్లోనూ పనిచేసే జన్యువుతో పోల్చి చూస్తారు. కంటికి సంబంధించిన ఆదికణాల్లో పాక్స్6, రాక్స్, వీఎస్ఎక్స్2 కోసం వెతుకుతారు. నాడీ మూలకణాలకు గుర్తుగా నెస్టిన్ అనే ఇంకొకటి ఉంది.

ఆ నెస్టిన్ దగ్గరే పెద్ద పేచీ వచ్చింది. 2000లో టొరంటోలో విన్సెంట్ ట్రోపెప్, డెరెక్ వాన్ డెర్ కూయ్ బృందం, పెరిగిన ఎలుక కంట్లో సీలియరీ అంచున ఉండే నల్లరంగు కణాలు డిష్‌లో గుండ్రటి ముద్దలుగా పెరుగుతున్నాయనీ, అవి రెటీనా మూలకణాలేననీ ‘సైన్స్’ పత్రికలో రాసింది. 2004లో మనిషి కళ్లలోనూ అలాంటివి దొరికాయన్నారు. ప్రపంచమంతా ఆశపడింది. 2009లో మెంఫిస్‌లోని మైకేల్ డయర్ బృందం అవే ముద్దలను మళ్లీ విప్పి చూసింది. లోపల ఉన్నవి మామూలు సీలియరీ ఎపిథీలియం కణాలే, రంగూ రూపూ మారలేదు. డిష్‌లో పెరుగుతూ నెస్టిన్‌ని అకారణంగా తెరిచాయి, అంతే అని వాళ్ల వాదన.

ఇది విన్నాక నేను చాలాసేపు ఆలోచించాను. ఒక జన్యువు తెరుచుకున్నంత మాత్రాన కణానికి ఆ పేరు దక్కదు. మూలకణమంటే తనలాంటి కణాన్నే మళ్లీ పుట్టించాలి, పనిచేసే కొత్త కణాలనూ ఇవ్వాలి. జీన్ ఎక్స్‌ప్రెషన్ అనుమానితుల జాబితా ఇస్తుందేగాని తీర్పు చెప్పదు. పైగా కణజాలమంతా కలిపి నూరితే, కొద్ది కణాలు గట్టిగా పలుకుతున్నాయో, అన్నీ కొంచెం కొంచెం పలుకుతున్నాయో తెలియదు. ఒక్కో కణాన్నీ విడిగా చదివే సింగిల్‌సెల్ సీక్వెన్సింగ్ వచ్చాకే ఆ చిక్కు చాలావరకు తీరింది.

రెటీనాను బాగుచేయడానికి రెండు దారులు వెతుకుతున్నారు. మొదటిది, లోపలున్న కణాలతోనే. జీబ్రాఫిష్ అయితే రెటీనా దెబ్బతింటే ముల్లర్ గ్లియా అనే కణాల నుంచి మళ్లీ పుట్టించుకుంటుంది. మన కంట్లోనూ ఆ కణాలున్నాయి, కానీ ఆ పని చేయవు. 2017లో సియాటిల్‌లో టామ్ రే బృందం ఏఎస్‌సీఎల్1 అనే జన్యువును ఎలుకల ముల్లర్ కణాల్లో తెరిపించి, తోడుగా ఒక మందు ఇచ్చి, కొన్ని నాడీకణాలను పుట్టించగలిగింది. నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది ఇదే. లోపలున్న కణాలకే పాత పని గుర్తుచేయడం!

రెండో దారి, కణాలను బయట తయారుచేయడం. మామూలు కణాలను మళ్లీ మూలకణాల్లా మార్చే ఐపీఎస్ పద్ధతి, జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006లో ఎలుక కణాలతో చూపించినది, ఇప్పుడు ఇక్కడి ల్యాబ్‌లోనూ మామూలు పని. ఇంక్యుబేటర్లో 37 డిగ్రీల దగ్గర పెరుగుతున్న రెటీనా ఆర్గనాయిడ్లను, అంటే ఆ కణాలతో పెంచిన చిన్న రెటీనా నమూనాలను, మైక్రోస్కోపులో చూశాను. చుట్టూ పలచటి మెరిసే అంచు. మొదట రాక్స్, పాక్స్6 పలుకుతాయి. చీకట్లో చూడ్డానికి కావలసిన రొడాప్సిన్ కనబడాలంటే నెలల తరబడి మేపాలి. వారాంతమైనా, పండగైనా ఎవరో ఒకరు వచ్చి ఆహారద్రవం మార్చాల్సిందే. ఇంత ఓపికగా పనిచేసేవాళ్ల పేర్లు మన పేపర్లలో రావేమని బాధేసింది.

చివరికి పిన్ని ప్రశ్న అడిగాను. పరిశోధకురాలి ముఖం గంభీరమైంది. అమెరికాలోని ఫ్లోరిడాలో పొట్టకొవ్వు నుంచి తీసిన ‘మూలకణాలు’ కంట్లోకి ఎక్కించుకున్న ముగ్గురు మహిళలకు ఉన్న చూపూ పోయిందని 2017లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్’ ప్రచురించిన సంగతి చెప్పారు. ‘‘రెండు కళ్లకూ ఒకేసారి చేశారండీ. అలా ఎవరూ చేయకూడదు. డబ్బు కట్టించుకుని ఇంజెక్షన్ ఇస్తామంటే మీ తమ్ముణ్ని వెళ్లనివ్వకండి. ముందు ఏ జన్యువులో లోపమో పరీక్ష చేయించండి. రేపు ఏ చికిత్స వచ్చినా అది తెలిస్తేనే పనికొస్తుంది’’ అన్నారు.

బయటికి వస్తూనే పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. ఇంజెక్షన్ మాట మానుకుంది. జన్యుపరీక్షకు వాడితోపాటు తనూ బాబాయీ కూడా రక్తం ఇస్తామంది.