అడిగితే పోయేదేముంది?

"అడిగితే పోయేదేముంది" అంటూంటాం కదా. పోతుందండీ. 2008లో ఒక శుక్రవారం సాయంత్రం నాకు తెలిసొచ్చింది.

ఆఫీసులో నలభై విండోస్ సర్వర్లు. దేంట్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో లిస్టు కావాలన్నారు మా మేనేజరు. ఒక్కోదాంట్లోకి లాగిన్ అయి చూసే ఓపిక నాకు లేదు. డబ్ల్యూఎంఐ ఉందిగా! డిస్కులు, సర్వీసులు, ప్రాసెస్‌లు అన్నీ అందులో ఆబ్జెక్టులే. డేటాబేసుని అడిగినట్టే, ఎస్‌క్యూఎల్ లాంటి డబ్ల్యూక్యూఎల్‌లో అడగొచ్చు. సీ షార్ప్‌లో చిన్న క్లయింటు రాశాను: రూట్\సిమ్‌వీ2 కి కనెక్ట్ అవ్వడం, ఒక సెలెక్ట్ క్వెరీ, వచ్చిన ఆబ్జెక్టుల మీద ఒక లూపు. అంతే, ఇరవై లైన్లు. విన్32_లాజికల్‌డిస్క్ ని అడిగితే ఏ డ్రైవులో ఎంత ఖాళీ ఉందో క్షణంలో బైట్లతో సహా చెప్పేసింది. అదే ఊపులో, పేరు బావుంది కదా అని విన్32_ప్రొడక్ట్ ని అడిగాను, నలభై సర్వర్ల మీదా.

నిమిషాలు గడిచినా జవాబు లేదు. నెట్‌వర్కు స్లో అనుకున్నా. ఇంతలో పక్క టీమ్ నుంచి ఫోను: "మేం డిజేబుల్ చేసిన సర్వీసు మళ్ళీ ఎనేబుల్ అయిందేంటి?" ఈవెంట్ లాగ్ తెరిస్తే గుండె జారింది. ప్రొడక్టుని రీకాన్ఫిగర్ చేశామంటూ వరసగా 1035 ఎంట్రీలు, ఒక్కో ప్యాకేజీకి ఒకటి!

సంగతేంటంటే, డబ్ల్యూఎంఐ మనకి కనిపించే కౌంటరు మాత్రమే. జవాబు తెచ్చేది వెనకాలుండే ప్రొవైడరు. ఈ క్లాసు తాలూకు ప్రొవైడరు, విండోస్ ఇన్‌స్టాలర్‌తో పెట్టిన ప్రతి ప్యాకేజీనీ తనిఖీ చేస్తుంది, తేడా ఉంటే రిపేరు కూడా చేసేస్తుంది. వేర్ క్లాజు పెట్టి ఒక్కదాన్నే అడిగినా అన్నిటినీ కెలుకుతుంది. ఇదంతా డాక్యుమెంటేషన్లో ఉన్నదే, చదవనిది నేను.

రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ కీ కింద ఉన్నవి చదివితే సరిపోయేది. 64 బిట్ మిషన్లో రెండు చోట్ల చూడాలి, అంతే. పైగా వేరే ఇన్‌స్టాలర్లతో పెట్టినవి కూడా అక్కడ కనిపిస్తాయి.

పాత డబ్ల్యూఎంఐసీ కమాండుని 2021లోనే పక్కన పెట్టేశారు. ఇప్పుడు పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్ వాడుతున్నాం. దాంతో అడిగినా విన్32_ప్రొడక్ట్ గారి బుద్ధి మాత్రం అదే. కొత్తగా చేరిన పిల్లలు ఎక్కణ్ణుంచో కాపీ చేసి అదే లైను తెస్తుంటారు. "సెలెక్టే కదండీ, చదవడమేగా" అంటారు. సెలెక్ట్ అన్నది మనం రాసే మాట. అవతలివాడు ఏం చేస్తాడో తెలుసుకోకుండా ప్రొడక్షన్లో అడక్కూడదు.

అన్నట్టు, సోమవారం పొద్దున్నే పక్క టీమ్ దగ్గరికెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. పెద్దమనసుతో క్షమించారు. టీ డబ్బులు మాత్రం నాచేతే కట్టించారు.