కిటికీలో కూర్చున్న పిల్లవాడు



మా సంఘములో ప్రతి శనివారం సాయంత్రం యౌవనస్థుల కూడిక జరుగుతుంది. మాది మిరప పండే పల్లె. కూడికకు వచ్చే పిల్లలు హైస్కూలులోనో ఇంటర్మీడియట్‌లోనో చదువుతూ, సెలవు రోజుల్లో కాయల కోతకు పోయేవారు. పాట, ప్రార్థన, కంఠత వాక్యం, ఆ తర్వాత నా ప్రసంగం. అది ముప్పావు గంటకు తగ్గేది కాదు. డిప్లొమా చదివిన రోజుల్లో రాసుకొన్న నోట్సు నా దగ్గర ఇంకా భద్రంగా ఉంది. దాన్ని పిల్లలకు అప్పజెప్పడమే యౌవనస్థుల పరిచర్య అనుకొన్నాను.

2023 అక్టోబరులో మా సంఘస్థుడొకాయన మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టాడు. సంఘమంతా మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేశాం. నవంబరులో ఆయన ప్రభువునందు నిద్రించాడు. ఆయన పెద్దకొడుకు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. నెల తిరక్కుండానే వాడు కూడికకు వచ్చాడు. ప్రసంగం మధ్యలో లేచి నిలబడి, "అయ్యగారూ, అంతమందిమి ప్రార్థించాం గదా, మా నాన్న ఎందుకు పోయాడు?" అని అడిగాడు.

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "దేవుణ్ణి అలా ప్రశ్నించకూడదు నాయనా, విశ్వాసముంచాలి. కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. తరువాతి శనివారం రాలేదు. క్రిస్మసు నాటికి వాడితోపాటు మరి నలుగురు మానేశారు.

రెండు ఆదివారాలు బల్లమీద నిలబడి సెల్‌ఫోన్లను తిట్టాను. రీల్సు చూసి పిల్లలు పాడైపోతున్నారన్నాను. తలిదండ్రులు తలలూపారు. ఫోనుతో నష్టం లేదనడం లేదు, ఉంది. కాని ఇంటికి వచ్చాక మా అమ్మగారు అన్నం వడ్డిస్తూ, "ఆ పిల్లవాడి చేతిలో ఫోను ఎక్కడుందండీ? వాళ్ల నాన్న ఆసుపత్రి ఖర్చుకే అమ్మేశారు గదా" అన్నది. ముద్ద గొంతు దిగలేదు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలోని ఐతుకు సంగతి మీకు తెలిసినదే. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న ఆ యౌవనస్థుడు నిద్రపట్టి మూడవ అంతస్తునుండి పడిపోయాడు. గుడిలో కునికేవారిని హెచ్చరించడానికి ఆ భాగం ఎన్నిసార్లు వాడుకొన్నానో లెక్కలేదు. ఆ రాత్రి మళ్లీ చదివాను. పౌలు వాణ్ణి గద్దించినట్టు ఎక్కడా లేదు. ప్రసంగం ఆపి మెట్లు దిగి, వాడి మీద పడి కౌగిలించుకొన్నాడు. ఇన్నేళ్లూ నా కళ్లు పడిన పిల్లవాడి మీదనే ఉన్నాయి, దిగివచ్చిన ప్రసంగికుడి మీద లేవు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వాళ్ల కళ్లానికి వెళ్లాను. తండ్రి ఎకరం కౌలుకు వేసిన తోట అది. కాయలు ఆరబోసి ఉన్నాయి. వాడు గోనెపట్టా మీద కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గాని రమ్మనలేదు. నేనూ పక్కన చతికిలబడి ఏరడం మొదలుపెట్టాను. ఘాటుకు వరసగా తుమ్ములు. నాలుగో తుమ్ముకు వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

పొద్దు వాలాక అన్నాను: "ఆ రోజు నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదురా. లేదని చెప్పడానికి భయపడి నిన్ను కూర్చోమన్నాను."

"మీకూ తెలియదా అయ్యగారూ?"

"తెలియదు. మీ నాన్న కోసం నేనూ ఏడ్చాను."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్న ఆఖరి రోజుల్లో ఏమేమి అన్నాడో, పెద్దాసుపత్రి వరండాలో ఎన్ని రాత్రులు పడుకొన్నారో చెప్పాడు. మంచు పడకుండా కాయల మీద పట్టా కప్పడానికి ఒక కొస నేను పట్టుకొన్నాను. ప్రార్థన చేయనా అని అడిగితే, "ఈరోజు వద్దండీ" అన్నాడు. సరేనన్నాను. ప్రార్థన చేయకుండా ఒక విశ్వాసి దగ్గరనుండి తిరిగి రావడం నా పరిచర్యలో అదే మొదటిసారి.

ఆ తరువాత కూడికలో ప్రసంగం పావుగంటకు కుదించాను. ఒక హార్లిక్స్ డబ్బా మూతకు చీలిక పెట్టి, పేరు రాయకుండా ప్రశ్న వేయమన్నాను. మొదటి వారం పడ్డవి మూడే. వాటిలో ఒకటి: "సర్టిఫికెట్టులో ఒక మతం, గుడిలో ఒక మతం. నేను అబద్ధికుణ్ణా?" మన పల్లె సంఘాలలో ఎన్ని ఇళ్లలో ఈ ముల్లు గుచ్చుకొంటున్నదో మీకు చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిన సంగతి, క్రైస్తవులను చేర్చని సంగతి పిల్లలకు వివరించాను. షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బి.సి.-సి కింద లెక్కిస్తారనీ చెప్పాను. తేల్చి చెప్పండి అన్నారు. అబద్ధం మంచిదని నేను అనలేను. ఆ కాగితం మీద చదువు ఆధారపడిన బిడ్డను దోషి అనడానికీ నాకు నోరు రాలేదు. తరువాతి వారం తలిదండ్రులను కూడా పిలిచాం. కొందరు కోపంగా లేచి వెళ్లిపోయారు. ఒక పెద్దాయన, "పిల్లలకు లేనిపోని సందేహాలు నేర్పుతున్నారు" అని నన్ను నిలదీశాడు. సందేహం నేను నేర్పినది కాదు, డబ్బాలో దొరికినది అన్నాను. ఆయన ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు.

మానేసిన అయిదుగురిలో ముగ్గురు తిరిగి వచ్చారు. ఒకడు హైదరాబాదు పనికి పోయాడు. మిరపకాయల పిల్లవాడు మాత్రం వేసవి దాటేదాకా రాలేదు. జూన్‌లో ఒక శనివారం గడప దగ్గర, చెప్పులు విడవకుండా నిలబడి కనిపించాడు. లోపలికి రమ్మని పిలవలేదు, కిటికీ పక్కన చాప కొద్దిగా జరిపాను. కూడిక అయ్యాక డబ్బా తెరిస్తే వాడి చేతిరాత చీటీ ఒకటి ఉంది. పాత ప్రశ్నే. కింద ఇంకో వరస: "జవాబు తెలియకపోయినా ఫరవాలేదు, అందరూ కలిసి ఒకసారి మాట్లాడుకొందాం."

మరుసటి శనివారం మాట్లాడుకొన్నాం. దీపాలు పెట్టేవేళ దాటి ఎనిమిదిన్నర అయింది. ఒకరిద్దరు తల్లులు పిల్లలను వెతుక్కుంటూ వచ్చి, వాళ్లూ వెనుక కూర్చుండిపోయారు.