ఎద్దుతోలులో వచ్చిన రాజు

ఇంగ్లండ్‌లోని మా రీడింగ్ ఊరి నడిబొడ్డున, ఫోర్బరీ తోట పక్కనే, ఒక పాత మఠం శిథిలాలున్నాయి. 1121లో ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ కట్టించాడు. 1539లో ఎనిమిదో హెన్రీ మూయించాక మంచి రాళ్లన్నీ జనం ఊడబీక్కుపోయారు. ఇప్పుడు మిగిలినవి చెకుముకిరాళ్ల మొండిగోడలే. కట్టించిన రాజును పూడ్చిందీ అక్కడే.

అతను 1135 డిసెంబర్ 1న నార్మండీలో పోయాడు. వైద్యుడు వద్దన్నా లాంప్రే చేపలు తిని జబ్బుపడ్డాడట. కళ్లు, మెదడు, పేగులు తీసి రువాన్ దగ్గర పాతిపెట్టారు. మిగిలిన ఒంటికి కత్తిగాట్లు పెట్టి, ఉప్పు దట్టించి, ఎద్దుతోళ్లలో చుట్టారు. ఇంగ్లండ్‌కు సముద్రం దాటడానికి గాలి అనుకూలించక కాన్ పట్టణంలో వారాలపాటు ఆగిపోయారు. తోళ్లలోంచి నల్లటి నీరు కారుతుంటే కింద గిన్నెలు పెట్టి పట్టేవాళ్లట. జనవరిలో గానీ శవం రీడింగ్ చేరలేదు.

ఆ ఎదురుచూపు ఎలాంటిదో పరదేశంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఇక్కడ మనవాళ్లెవరైనా పోతే కాగితాలు కదలాలి, ఎంబామింగ్ జరగాలి, విమానం దొరకాలి. అక్కడ అమ్మానాన్నలు రోజులు లెక్కపెడుతుంటారు. చందాలు పోగుచేస్తాం, హైకమిషన్‌కి ఫోన్లు చేస్తాం. తీరా ఆ ఒంటిని కడిగి సిద్ధం చేసిన చేతులెవరివో అడగం.

హెన్రీ శవం కథలో నన్ను పట్టుకున్నది అలాంటి మనిషే. ఆ కాలపు మతాధికారి హంటింగ్డన్ హెన్రీ రాశాడు: తలను గొడ్డలితో చీల్చి మెదడు తీయడానికి పెద్ద మొత్తం ఇస్తామని ఒకణ్ణి కుదుర్చుకున్నారు. అతను మొహానికి గుడ్డలు చుట్టుకున్నా ఆ కంపుకి ప్రాణం పోయింది. ఆ డబ్బు అనుభవించింది లేదు. అతని పేరు కూడా ఆ మతాధికారి రాయలేదు. హెన్రీ రాజు చంపిన ఎందరిలోనో ఇతనే ఆఖరివాడని మాత్రం రాశాడు.

కంపుకే మనిషి చస్తాడా అంటే నాకూ నమ్మకం లేదు. కానీ ఆ చివరి మాట ఊరికే వచ్చింది కాదు. 1124లో నాణేల్లో వెండి తగ్గించారని టంకశాలవాళ్లను వించెస్టర్‌కి పిలిపించి, కుడిచేతులు నరికించి, వృషణాలు కోయించిన రాజు అతను. ఆ కాలపు చరిత్ర గ్రంథం ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ ఆ శిక్ష న్యాయమేనంది. నేను ఒప్పుకోను. హంటింగ్డన్ మతాధికారి మాత్రం, గొడ్డలి పట్టిన ఆ కూలివాడి చావును కూడా రాజు ఖాతాలోనే వేశాడు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.